ఇంటర్వెల్ కబుర్లు: రాడికల్ వేషం ఎవరికి నప్పుతుంది?

మాదాపూరు నుంచి ఓ పాఠకుడు ఉత్తరం రాశారు. ఉద్యోగం సాఫ్ట్‌వేరు, పిచ్చి సినిమా, ఈ రెంటికీ మధ్య దొరికిన తీరికంతా రాజకీయం. సైబర్ టవర్స్ దగ్గర టీ బండి ముందు నలుగురు స్నేహితులూ తగువు పడ్డారట. ఒకాయన తన అభిమాన నాయకుణ్ణి "అసలు సిసలు రాడికల్" అన్నాట్ట. రెండో ఆయనకి ఒళ్ళు మండి, "ముఖ్యమంత్రి కుర్చీలో కూర్చున్నవాడు రాడికల్ ఎలా అవుతాడయ్యా, హాస్యం కాకపోతే!" అన్నాట్ట. ఓడినవాడు నలుగురికీ బిర్యానీ పెట్టించాలని పందెం. తీర్పు భారం తెచ్చి నా నెత్తిన పెట్టారు.

సినిమా పత్రికలో ఈ గొడవేమిటని ముక్కు విరిచేవాళ్ళకి ఒక్క మాట. మేకప్ కుర్చీకీ ముఖ్యమంత్రి కుర్చీకీ మధ్య దూరమెంతో 1983 జనవరి 9న లాల్ బహదూర్ స్టేడియంలో లోకమంతా చూసింది. పైగా జూబ్లీహిల్స్ గుట్ట దిగితే వచ్చేది మాదాపూరే. కాబట్టి ఈ తగువు మన పేటలోదే అనుకోండి.

ముందు మాట సంగతి తేల్చుకుందాం. ఇంగ్లీషువాడి 'రాడికల్'కి లాటిన్‌లో అసలర్థం వేరుకు సంబంధించినది అని. ముల్లంగిని వాళ్ళు 'రాడిష్' అనడం కూడా ఆ వేరు మహిమే. కొమ్మలు కత్తిరించి పందిరి వేసేవాడు రాడికల్ కాడు. గునపం తీసుకుని మొదట్లో తవ్వేవాడు రాడికల్.

మనకి మాత్రం ఆ మాట నిఘంటువులోంచి రాలేదు, గోడల మీంచి వచ్చింది. 1974-75లో రాడికల్ విద్యార్థి సంఘం పుట్టింది. కాలేజీ గోడల నిండా ఎర్ర అక్షరాలు. 'గ్రామాలకు తరలండి' అంటూ వేసవి సెలవుల్లో కుర్రాళ్ళు పల్లెలకు పోయారు. కరీంనగర్, ఆదిలాబాద్ పల్లెల్లో జనం వాళ్ళని 'రాడికలోళ్ళు' అన్నారు. దొరలు వేరే పేర్లు పెట్టారు. పోలీసు ఫైల్లో ఒక కుర్రాడి పేరు పక్కన ఈ మాట పడిందంటే ఆ తల్లికి కంటిమీద కునుకుండేది కాదు. 1992లో ప్రభుత్వం పీపుల్స్ వార్‌తో పాటు ఈ సంఘాలనీ నిషేధించింది.

అదే మాట ఈవేళ హైటెక్ సిటీ అద్దాల గదుల్లో హాయిగా కాలు మీద కాలు వేసుకు కూర్చుంది. కొత్త యాప్ చేస్తే రాడికల్, పాత మేనేజరుని మారిస్తే రాడికల్. ఒక తరం ప్రాణంతో ఖరీదు కట్టిన మాట ఇంకో తరానికి ప్రమోషను తెస్తోంది. కాలమహిమ! అందుకే ఎవరికి బడితే వారికి ఈ బిరుదు తగిలించడం నాకు సుతరామూ ఇష్టం లేదు. అలాగని తుపాకీ పట్టినవాడికి తప్ప ఇంకెవరికీ చెందదంటే అదీ ఒప్పుకోను. వేరు కదిలిందా, లేదా? నేను చూసేదల్లా అదే.

మన సినిమావాళ్ళకి ఈ చిక్కు కొత్తది కాదు. 1939లో గూడవల్లి రామబ్రహ్మంగారు 'రైతుబిడ్డ' తీశారు. జమీందారీల మీద ఎక్కుపెట్టిన పిక్చరది. జమీందార్లు గగ్గోలు పెట్టారు, అడ్డుకున్నారు. మరి దానికి పెట్టుబడి పెట్టిందెవరనుకున్నారు? సారథి సంస్థ వెనకున్న చల్లపల్లి రాజాగారు! ఆయనా జమీందారే. జమీందారు డబ్బుతో తీసింది గనుక ఆ పిక్చరు రాడికల్ కాదందామా? చూసిన రైతుకి కడుపు మండిందా లేదా అన్నదే లెక్క. రాజాగారు మటుకు రాజాగారుగానే ఉన్నారు.

1980 దగ్గర్లో ఎర్రజెండా బాక్సాఫీసుకి ఎక్కింది. మాదాల రంగారావు 'యువతరం కదిలింది', 'ఎర్రమల్లెలు', టి. కృష్ణ 'నేటి భారతం'. నేల టిక్కెట్టువాడు ఈలలు వేశాడు, డిస్ట్రిబ్యూటరు లెక్కలు చూసుకున్నాడు. ఇద్దరి ఆనందమూ నిజమే. సరే, అసలు కథానాయకుడి దగ్గరికి వద్దాం.

నందమూరి తారక రామారావుగారు 1982 మార్చి 29న పార్టీ పెట్టారు. తొమ్మిది నెలలు తిరిగేసరికి ముఖ్యమంత్రి. ఆ మధ్యలోనే 'బొబ్బిలి పులి' విడుదలై హాళ్ళు దద్దరిల్లాయి. అంతకు ముందే 'సర్దార్ పాపారాయుడు'. డైలాగు వింటుంటే ఇంటర్వెల్లో బయటికొచ్చి ఏదో ఒకటి పడగొట్టాలనిపించేది. ఎన్నికల ప్రచారంలో ఆయన నక్సలైట్లను దేశభక్తులన్నారు. ఇంతకన్నా రాడికల్ మాట చైతన్యరథం మీంచి ఎవరంటారు?

కాని మాటలు పక్కన పెట్టండి. మాటల్లో రామారావుగారితో పోటీపడే నాథుడు లేడు గనుక ఆ తూకంలో వేస్తే అందరూ తేలిపోతారు. కాషాయం పక్కన పెట్టండి. 1983 ఏప్రిల్‌లో మొదలైన కిలో రెండు రూపాయల బియ్యం సంగతి చెప్పాలి. అది గొప్ప పనే, కూలివాడి ఇంట్లో పొయ్యి వెలిగించిన పని. అయినా దాన్ని నేను రాడికల్ అనను. ఆకలి తీర్చడం ధర్మం, ధర్మప్రభువులు పూర్వమూ చేశారు. బియ్యం వచ్చినా ఊళ్ళో పొలం ఎవరిదో వారిదిగానే ఉంటుంది.

వేరు దగ్గర గునపం పడింది 1984 జనవరిలో. ఒక్క ఆర్డినెన్సుతో కరణం, మునసబు, పటేలు, పట్వారీ అన్న వంశపారంపర్యపు కొలువులన్నీ రద్దు. ఆ పని ఎంతటిదో హైదరాబాదులో పుట్టి పెరిగిన ఈ తరానికి తెలియదు గనుక కాస్త ఆగి చెప్పాలి. పల్లెలో రైతు భూమి రైతు చేతిలో ఉండేది కాదు, కరణం గారి కలం చివర ఉండేది. ఎవరి పేరు ఏ సర్వే నెంబరుకి ఎదురుగా రాశాడో వాడిదే పొలం. దున్నేది ఒకడు, అడంగల్లో పేరు ఇంకొకడిది. తాతనుంచి తండ్రికి, తండ్రినుంచి కొడుక్కి దిగే ఆ దస్త్రం కట్ట ముందు ఏ ప్రభుత్వమైనా ఊళ్ళో చేతులు కట్టుకు నిలబడాల్సిందే. ఈ కరణాన్ని మన సినిమాల్లో ఎన్ని వందలసార్లు చూడలేదు? పిలక, కళ్ళజోడు, చెవిలో కలం, మోతుబరి పక్కన నిలబడి సన్నగా నవ్వే ఆ మనిషి లేనిదే పల్లెటూరి పిక్చరు నడిచేది కాదు. ముప్ఫయ్యేళ్ళు రీళ్ళమీద ఏ వ్యవస్థని చావబాదారో దాన్నే సెక్రటేరియట్‌లో కూర్చుని ఒక్క సంతకంతో కొట్టేశారు రామారావుగారు. సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు కొలువులు పోయినవాళ్ళు. 1985లో కోర్టు రద్దునే ఖాయం చేసింది. పాపం, సినిమా రచయితలకి కూడా ఒక విలన్ తగ్గాడు. ఆ ఖాళీలోకి రాజకీయ నాయకుడు వచ్చి కూర్చుని ఇంకా లేవలేదు.

రెండో గునపం ఆడపిల్లల ఆస్తిహక్కు. హిందూ వారసత్వ చట్టానికి 1986లో మన శాసనసభ చేసిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళికాని కూతురు ఉమ్మడి కుటుంబపు ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే భాగస్వామి అయింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఈ దారిన వచ్చాయి. దేశమంతటికీ వర్తించే సవరణ 2005లో గాని రాలేదు. దీని మీద ఒక్క డైలాగూ పేలలేదు, ఒక్క శతదినోత్సవమూ జరగలేదు. అన్నగారు 'ఆడపడుచులు' అని ఎన్ని సభల్లో పిలిచారో లెక్కలేదు గాని, ఆ పిలుపుకి రిజిస్టరాఫీసులో విలువ కట్టింది మాత్రం ఈ చట్టమే.

ఇక్కడే ఆగితే తీర్పు సులువు. కాని కథలో ఇంటర్వెల్ తరువాత కూడా రీళ్ళున్నాయి. 1985 జులై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో దళితులను వెంటాడి చంపారు. ఆ ఊరు ముఖ్యమంత్రి అల్లుడుగారి సొంతూరు. బాధితులు చీరాలకు తరలివచ్చి శిబిరం పెట్టుకున్నారు, అక్కణ్ణుంచే దళిత మహాసభ పుట్టింది. 'దాన వీర శూర కర్ణ'లో సుయోధనుడిగా కులం అడిగినవాళ్ళ నోరు మూయించిన మనిషి ప్రభుత్వంలో ఇది జరిగింది. అదే ఏడాది నుంచి తెలంగాణ పల్లెల్లో నక్సలైట్ల సంఘాలకి 'ఆట, మాట, పాట బంద్' అన్నారు. గద్దర్ అజ్ఞాతంలోకి వెళ్ళారు. దేశభక్తులన్న నోరు మూడేళ్ళలో ఇంత మారింది.

మరి రామారావుగారు రాడికలా? కరణాల రద్దు రాడికల్. కూతురి హక్కు రాడికల్. రామారావుగారు కాదు. ఈ మాటకి అభిమానులు నా మీదికి రావద్దు. మనిషినీ పనినీ విడదీస్తేనే ఆయనకి దక్కాల్సిన గౌరవం దక్కుతుంది. లేకపోతే కారంచేడు వచ్చి కరణాల రద్దుని కూడా కప్పేస్తుంది.

ఈ లెక్కలో సినిమాకి బొత్తిగా పనికిరాని ముఖం ఒకటుంది, పీవీ నరసింహారావుగారిది. నవ్వరు, చెయ్యి ఊపరు. 1971లో ముఖ్యమంత్రి అయ్యారు, భూపరిమితి చట్టం పట్టుకున్నారు. పట్నంలో ఖాళీ జాగాల అమ్మకాలమీద కూడా 1972లోనే ఆంక్ష పెట్టారు. ముల్కీ తీర్పు, జై ఆంధ్ర ఉద్యమం మధ్య 1973 జనవరిలో కుర్చీ పోయింది. ఉద్యమానికి కారణం ముల్కీయే అయినా, దానికి నూనె పోసినవాళ్ళలో భూములున్నవాళ్ళ భయం కూడా ఉందని చాలామంది అంటారు. నేనూ అంటాను. చట్టం 1973లో పుస్తకాలకెక్కి 1975లో అమల్లోకి వచ్చేసరికి ఎకరాలన్నీ పనివాళ్ళ పేర, పుట్టని మనవళ్ళ పేర సర్దుకున్నాయి. ఆ చిత్రమేమిటో గాని ఇదే మనిషి 1991లో ప్రధానమంత్రిగా దేశపు తలుపులు బార్లా తెరిచారు. భూస్వామి మీద గునపం వేసిన చెయ్యే లైసెన్సుల మీదా వేసింది. రెండూ వేళ్ళే, రెండు వేర్వేరు చెట్లవి.

ఆ తలుపులోంచే హైటెక్ సిటీ వచ్చింది. ఇప్పుడు మన పాఠకుడి టీ బండి దగ్గరికి చేరుకున్నాం.

నారా చంద్రబాబు నాయుడుగారు సినిమావాళ్ళకి ముందే పరిచయం, అంజయ్యగారి మంత్రివర్గంలో సినిమాటోగ్రఫీ ఆయన శాఖే. 1995లో మామగారి కుర్చీలోకి వచ్చారు. ఎలా వచ్చారన్నది వైస్రాయ్ హోటల్ పేరు చెబితే చాలు, అందరికీ గుర్తొస్తుంది. 1998 నవంబరు 22న వాజ్‌పేయిగారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. చుట్టూ రాళ్ళగుట్టలు, తుప్పలు. 2000 మార్చిలో అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆ రాళ్ళ మధ్యకి వచ్చి వెళ్ళారు. విదేశీ పత్రికలు మన ముఖ్యమంత్రిని కంపెనీ సి.ఇ.ఓ.తో పోల్చాయి. అదివరకు ముఖ్యమంత్రులని కర్ణుడితోనో కృష్ణుడితోనో పోల్చేవాళ్ళం!

ఆ భవనం ఏం మార్చిందో తక్కువ చెయ్యకూడదు. నరసరావుపేట, జమ్మికుంట, మదనపల్లె నుంచి వచ్చిన పిల్లవాడు ఎవరి సిఫార్సూ లేకుండా, పరీక్ష రాసి, మెడలో కార్డు వేసుకుని ఆ మెట్లెక్కాడు. అమ్మాయి రాత్రి షిఫ్టు చేసి కంపెనీ క్యాబులో ఇంటికొచ్చింది, వీధివాళ్ళు కిటికీల్లోంచి చూసి చూసి చివరికి చూడ్డం మానేశారు. సర్కారీ కొలువు, అమెరికా, వ్యవసాయం అన్న మూడు దారుల పక్కన నాలుగోది పడింది. తరువాతి రోజుల్లో రాజశేఖరరెడ్డిగారి ఫీజు రీయింబర్స్‌మెంటు వచ్చాక కూలి ఇంటి బిడ్డ కూడా ఇంజనీరింగు కాలేజీ గేటు దాటగలిగాడు. ఒకరు మేడ కట్టారు, ఇంకొకరు మెట్లు వేశారు. ఇద్దరి అభిమానులూ ఈ మాట ఒప్పుకోరు, నాకు తెలుసు. 2023లో చంద్రబాబుగారు అరెస్టయినప్పుడు ఎన్నడూ రోడ్డెక్కని సాఫ్ట్‌వేరు ఉద్యోగులు విప్రో సర్కిల్లో నినాదాలిచ్చారు. అది అద్దెకి తెచ్చిన జనం కాదు. 'నా జీవితం మారింది' అనే నమ్మకం అది.

అయితే అదే చేత్తో 1996లో రెండు రూపాయల బియ్యం మూడున్నర అయింది. మామగారు పెట్టిన మద్యనిషేధం 1997లో పోయింది. ప్రపంచబ్యాంకు షరతులతో కరెంటు సంస్కరణలు వచ్చాయి. ఛార్జీలు పెరిగితే 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో ఊరేగింపు మీద కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. 2003 అక్టోబరు 1న అలిపిరిలో పీపుల్స్ వార్ ఆయన కారు కింద మందుపాతర పేల్చింది. అడివిలో రాడికలనిపించుకున్నవాళ్ళు అద్దాల మేడవాళ్ళు రాడికలనుకున్న మనిషిని చంపబోయారు. ఒకే మాట రెండు వైపులా నిలబడింది చూశారూ!

నా మట్టుకు, హైటెక్ సిటీ గొప్ప మార్పు. బతుకుతెరువులో మార్పు. వేరు మాత్రం కదల్లేదు. ఎందుకంటే ఆ మేడ లేవగానే చుట్టూ ఉన్న నేల విలువ లేచింది. నేల ఎవరి చేతిలో ఉందో, కొనే డబ్బు ఎవరి చేతిలో ఉందో, వాళ్ళ తరమే మారిపోయింది. ఆ నేల మీద ఇటుకలు మోసిన పాలమూరు కూలివాడు పని అయిపోగానే గుడిసె పీక్కుని ఇంకో గుట్ట దగ్గరికి నడిచాడు.

2004 అక్టోబరులో ఒక వింత జరిగింది. అడివిలోంచి నక్సలైటు నాయకులు వచ్చి హైదరాబాదు మంజీరా అతిథిగృహంలో ప్రభుత్వంతో బల్లకి అటూ ఇటూ కూర్చున్నారు. ఏ దర్శకుడూ రాసుకోని సీను. నాలుగు రోజుల మాటల్లో గట్టిగా వినబడ్డది భూమి. ప్రభుత్వం కోనేరు రంగారావుగారి అధ్యక్షతన భూముల మీద కమిటీ వేసింది, కమిటీ శ్రద్ధగానే పనిచేసి నివేదిక ఇచ్చింది. చర్చలు మాత్రం చెదిరిపోయాయి, మళ్ళీ ఎన్‌కౌంటర్లు, 2005 ఆగస్టులో మళ్ళీ నిషేధం. నివేదిక బీరువాలో ఉంది.

ఈ మధ్య సంగతి చూడండి. హైదరాబాదు విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాలు. జై ఆంధ్ర గొడవ చల్లారడానికి వేసిన ఆరు సూత్రాల పథకంలోంచి పుట్టిన విశ్వవిద్యాలయం అది, 1974లో. చంద్రబాబుగారి హయాంలో ఆ 400 ఎకరాలు ఒక క్రీడల కంపెనీకి ఇచ్చారు, రాజశేఖరరెడ్డిగారి హయాంలో 2006లో రద్దు చేశారు, కోర్టుల్లో నలిగి 2024లో ప్రభుత్వానికి దక్కింది, రేవంత్ రెడ్డిగారి ప్రభుత్వం ఐ.టి. కోసం వేలం వేద్దామనుకుంది. 2025 మార్చి నెలాఖరున యంత్రాలు దిగి చెట్లు కూలుస్తుంటే విద్యార్థులు అడ్డం పడ్డారు, లాఠీలు తిన్నారు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. పార్టీలు రెండు, ముఖ్యమంత్రులు ముగ్గురు, ప్రతి ఒక్కరికీ మార్పు తెచ్చామన్న పేరుంది. నేలని చూసే చూపు మాత్రం అందరిదీ ఒకటే, ఎకరం ఎంత పలుకుతుంది?

పలకడమంటే మాటలా! 2023 ఆగస్టు వేలంలో కోకాపేటలో ఎకరం 100 కోట్ల 75 లక్షలు పలికింది. ఆ చుట్టుపక్కల పాత రైతుల ఇళ్ళల్లో ఇప్పుడో తతంగం నడుస్తోంది. పొలం అమ్మకానికి పెట్టేముందు అన్నదమ్ములు పట్టుచీర, పసుపుకుంకుమలు తీసుకుని అక్కచెల్లెళ్ళ ఇళ్ళకి వెళతారు. భోజనాలయ్యాక ఒక స్టాంపు కాగితం బయటికి తీస్తారు. 'నా భాగం వదులుకుంటున్నాను' అని అందులో ఉంటుంది. 1986 చట్టం, 2005 చట్టం ఇచ్చిన హక్కు ఆ చీరకి చెల్లు. పుట్టింటి గడప మూసుకుపోతుందన్న భయంతో నూటికి ఎందరో సంతకం పెట్టేస్తారు. పెట్టనిదాన్ని గయ్యాళి అంటారు, దావా వేసిందా మరీ. రంగారెడ్డి జిల్లా కోర్టు వరండాలో అలాంటి గయ్యాళులు ఫైళ్ళు పట్టుకుని వాయిదాల కోసం నిలబడి ఉంటారు. చేతిలో ఉన్నది రామారావుగారి చట్టం నాటి గునపమేనని వాళ్ళలో చాలామందికి తెలియకపోవచ్చు.

కనుక, మాదాపూరు మిత్రమా, పందెంలో ఇద్దరూ సగం సగం ఓడారు. బిర్యానీ బిల్లు చెరిసగం వేసుకోండి. మీ నలుగురిలో ఎవరికైనా అక్కచెల్లెళ్ళుంటే, ఆ స్టాంపు కాగితం సంగతి కూడా ఆ బల్ల మీదే మాట్లాడుకోండి.

రామారావుగారి మీద తీసిన 'మండలాధీశుడు' గురించి కూడా అడిగారు మీరు. ఆ వేషం వేశాక కోట శ్రీనివాసరావుగారికి ఎదురైన అనుభవాలతో ఒక పేజీ నిండుతుంది. ఈవారం స్థలం చాల్లేదు. వచ్చేవారం చూద్దాం.